స్థిరాస్తి మధ్యవర్తి వృత్తి - కావలసిన చదువు, అనుమతి

మన కళాశాలలో చదివి వెళ్లిన విద్యార్థులు పెళ్లిళ్లలోనో, ఈద్ మిలాప్ సభలలోనో ఎదురైనప్పుడు "ఏం చేస్తున్నావు నాయనా?" అని అడగడం అధ్యాపకులకు అలవాటు. పూర్వం ఈ ప్రశ్నకు బడిపంతులుననో, ఆర్టీసీలో ఉద్యోగమనో, జెద్దాలో ఉన్నాననో జవాబు వచ్చేది. గత పదిహేను, ఇరవై సంవత్సరాలుగా మరొక జవాబు తరచుగా వినవస్తున్నది: "రియల్ ఎస్టేటు, సార్." ఈ మాట కొందరు గర్వంగా చెబుతారు, మరికొందరు తల దించుకొని చెబుతారు.

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. విజయవాడ రహదారి వెంట చౌటుప్పల్ నుండి నార్కట్‌పల్లి వరకు, బెంగుళూరు రహదారి వెంట షాద్‌నగర్ నుండి జడ్చర్ల వరకు, ఒకప్పుడు కందులు, ఆముదాలు పండిన చల్క నేలలు నేడు గజాల లెక్కన అమ్ముడుపోతున్నవి. ప్రాంతీయ వలయ రహదారి భువనగిరి, చౌటుప్పల్, ఆమనగల్లు, షాద్‌నగర్ల మీదుగా పోనున్నదని తెలిసినప్పటి నుండి ఈ వేగం మరింత హెచ్చినది. భువనగిరి 2016 అక్టోబరు వరకు మన నల్గొండ జిల్లాలోనిదే. షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. జిల్లాల సరిహద్దులు మారినవి గాని అక్కడి భూముల పాత కాగితాలు మారలేదు. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఇది: "ఈ వృత్తికి ఏం చదవాలి సార్? లైసెన్సు ఎక్కడ ఇస్తారు?" దీనికి రెండు జవాబులున్నవి. చట్టం చెప్పే జవాబు చాలా చిన్నది. మన నేల చెప్పే జవాబు పెద్దది.

మొదట చట్టం సంగతి. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టానికి 2016 మార్చి 25న రాష్ట్రపతి ఆమోదం లభించినది. కొన్ని అధ్యాయాలు ఆ ఏడాది మే 1 నుండి, మిగిలినవి 2017 మే 1 నుండి అమలులోకి వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వం 2017లో నియమావళిని ప్రకటించగా, 2018లో రాష్ట్ర ప్రాధికార సంస్థ పని ప్రారంభించినది. జనవ్యవహారంలో దీనిని 'రెరా' అంటున్నారు. అంతకు పూర్వం ఈ వృత్తిలోని వారికి ఈ విధమైన నమోదు లేదు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని సెల్‌ఫోను చేతబట్టినవాడల్లా ఏజెంటే.

ఈ చట్టం ఏజెంటు అనే పదానికిచ్చిన నిర్వచనం విశాలమైనది. ప్రాజెక్టులోని ప్లాటు, ఫ్లాటు లేదా భవనం అమ్మకంలో ఒకరి పక్షాన మాట్లాడి, కమీషను గాని మరే రూపంలోనైనా ప్రతిఫలం గాని తీసుకొన్నవాడు ఏజెంటు. కొనేవారిని, అమ్మేవారిని ఏ మాధ్యమం ద్వారానైనా పరిచయం చేసినవాడు కూడా ఏజెంటే. దళారి, బ్రోకరు, ప్రాపర్టీ డీలరు, ఏ పేరుతో పిలిచినా భేదం లేదు. కావున సెలవు రోజులలో లేఅవుటు బొమ్మలు వాట్సాప్‌లో పంపి, పినతండ్రి గారికో పక్కింటివారికో ప్లాటు కుదిర్చి కమీషను పుచ్చుకొన్న మన డిగ్రీ విద్యార్థి కూడా, తనకు తెలియకుండానే, ఈ నిర్వచనంలోకి వస్తాడు.

ఇట్టివారు రెరా వద్ద నమోదు కాకుండా నమోదైన ప్రాజెక్టులో అమ్మకం జరిపించరాదని చట్టంలోని 9వ విభాగం చెబుతున్నది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేసుకోవాలి. వ్యక్తికి రుసుము 10,000 రూపాయలు, సంస్థకు 50,000. పాన్ కార్డు, ఛాయాచిత్రం, చిరునామా రుజువు, ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు జతపరచవలసి ఉంటుంది. ఒకసారి లభించిన నమోదు రాష్ట్రమంతటా చెల్లుతుంది. దాని కాలం 5 సంవత్సరాలు, ఆపైన పునరుద్ధరించుకోవాలి. తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఏజెంటు తన నమోదు సంఖ్యను తెలుపవలెను. మోసంతో పొందినదని తేలితే నమోదు రద్దవుతుంది.

ఈ జాబితాలో చదువు అనే మాట ఎక్కడా కనిపించదు. పదవ తరగతి తప్పినవాడైనా, న్యాయశాస్త్రంలో పట్టా పొందినవాడైనా చట్టం దృష్టిలో ఒకటే. పరీక్ష లేదు, శిక్షణ లేదు. నా అభిప్రాయంలో ఈ చట్టంలోని పెద్ద లోటు ఇదే.

నమోదైన పిదప ఏజెంటు మీద పడే బాధ్యతలను 10వ విభాగం చెబుతున్నది. రెరాలో నమోదు కాని ప్రాజెక్టులోని ప్లాటును అతడు అమ్మించరాదు. లెక్కల పుస్తకాలు ఉంచాలి. లేని సదుపాయాలను ఉన్నవని చెప్పరాదు. బుకింగు సమయంలో కొనేవారికి లభించవలసిన పత్రాలన్నీ అందేటట్లు చూడాలి. వీటిని ఉల్లంఘించినచో రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ప్లాటు ఖరీదులో 5 శాతం వరకు జరిమానా విధించవచ్చును. ఒక ప్లాటు ఖరీదు 20 లక్షలనుకొందాం. రెండు శాతం కమీషనుగా ఏజెంటుకు వచ్చేది 40,000. జరిమానా మాత్రం లక్ష వరకు పోవచ్చును. 'ప్రీ లాంచ్' పేరుతో, ప్రాజెక్టు నమోదుకు ముందే తక్కువ ధరకు ఇప్పిస్తామని డబ్బు వసూలు చేయడం వైపు మన యువకులు ఆకర్షితులవుతున్నారు. నమోదు కాకముందు ప్రకటన చేయడం సైతం నేరమని వారు గ్రహించడం మేలు.

ఏ ప్రాజెక్టు నమోదు కావాలి? భూమి విస్తీర్ణం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా నమోదు అక్కరలేదు. మన లెక్కలో చెప్పాలంటే, గుంటకు 121 చదరపు గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. ఐదు గుంటలు 605 గజాలు. చట్టం చెప్పిన 500 మీటర్లు దాదాపు 598 గజాలు. అనగా ఐదు గుంటలకు కూడా ఏడు గజాలు తక్కువే. కాబట్టి 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన లేఅవుటు ఏదైనా ఇంచుమించు ఈ చట్టం క్రిందికి రావలసినదే. నమోదైన ప్రాజెక్టు సంఖ్య 'పి' అక్షరంతోను, ఏజెంటు సంఖ్య 'ఏ' అక్షరంతోను మొదలవుతుంది. ఆ సంఖ్యను రెరా వెబ్‌సైటులో సరిచూడటానికి ఐదు నిమిషాలు చాలు.

అయితే మన రెండు జిల్లాలలో ఎక్కువగా జరిగే బేరం ప్లాట్లది కాదు, ఎకరాలది. వ్యవసాయ భూమిని రైతు నుండి మరొకరికి ఇప్పించే మధ్యవర్తికి ఈ చట్టం వర్తించదు. ఒక ఇంటియజమాని తన పాత ఇంటిని మరొకరికి అమ్ముకొంటే కుదిర్చినవానికీ వర్తించదు. కాబట్టి దేవరకొండ వైపో, అచ్చంపేట వైపో పది ఎకరాల బేరం చేసే మధ్యవర్తికి నేటికీ చదువూ అక్కరలేదు, నమోదూ అక్కరలేదు.

ఇతర చోట్ల పరిస్థితి వేరు. మన తెలుగువారు అధికంగా స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఈ వృత్తి చేపట్టదలచినవాడు ముందుగా 180 గంటల పాఠాలు వినాలి, పరీక్షలో ఉత్తీర్ణుడు కావాలి, ఆపైన అనుభవం గల బ్రోకరు అండన పని మొదలుపెట్టాలి. కాలిఫోర్నియాలో 45 గంటల పాఠ్యక్రమాలు మూడు. మన పిల్లలు ఉపాధికై వెళ్లే దుబాయిలో సైతం శిక్షణ, పరీక్ష ముగియనిదే బ్రోకరు కార్డు రాదు. మన దేశంలో మహారాష్ట్ర 2023లో ఏజెంట్లకు శిక్షణను, అర్హత పరీక్షను తప్పనిసరి చేసినది. పాలమూరు నుండి బొంబాయికి వలసపోయిన కుటుంబంలోని యువకుడు అక్కడ ఏజెంటు కావాలంటే పరీక్ష వ్రాయాలి, స్వగ్రామానికి తిరిగివచ్చి అదే పని చేస్తే అక్కరలేదు. ఇదొక వింత.

ఇక రెండవ జవాబు. దానికి ముందు నాకు తెలిసిన ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. పేర్లు, ఊరు చెప్పను.

మన పూర్వ విద్యార్థి ఒకడు, బుద్ధిమంతుడు, అబద్ధమాడనివాడు, 2018 ప్రాంతాన ఒక లేఅవుటులో ప్లాట్లు ఇప్పించే పనికి కుదిరినాడు. పంచాయతీ ముద్ర తప్ప దానికి వేరే అనుమతి లేదు. అతని మాట మీద నమ్మకంతో ఒక రిటైరైన అటెండరు గారు తమ గ్రాట్యుయిటీ సొమ్ములో అధికభాగం పెట్టి 200 గజాలు కొన్నారు. అమ్మినవాడు నిజమైన పట్టాదారే. పాసు పుస్తకం ఉన్నది. రిజిస్ట్రేషను జరిగినది. ఇ.సి.లో ఏ దోషమూ కనబడలేదు. 2020 అక్టోబరు వర్షాలకు ఊరి చెరువు నిండినది. అటెండరు గారి ప్లాటు రాళ్లు మూడు నెలలు నీటిలో ఉన్నవి.

అప్పుడు ఆ విద్యార్థి పాత పహాణీ నకలు తెచ్చి మా ఉర్దూ అధ్యాపకుల ముందు పెట్టినాడు. వారు కళ్లజోడు సరిచేసుకొని ఒక గడిలోని మూడక్షరాలు చదివినారు: షీన్, కాఫ్, మీమ్. శిఖం. చెరువు నిండినప్పుడు మునిగే నేల. అట్టి నేలకు పట్టా ఉండవచ్చును, నీరు తగ్గినప్పుడు పైరు వేసుకోవచ్చును, ఇల్లు కట్టడానికి మాత్రం వీలులేదు. అమ్మకానికి ముందే ఆ నకలు తీసి చదివి ఉంటే రెండు నిమిషాల పని. పన్నెండేళ్లు ఉర్దూ మాధ్యమంలో చదివిన ఆ అబ్బాయి ఆ మాటను చదవలేకపోలేదు. చదవాలని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. తనకు వచ్చిన కమీషనును అతడు వాయిదాలలో అటెండరు గారికి తిరిగి ఇస్తున్నాడు. ప్లాటు సొమ్ము మాత్రం రాలేదు.

దళారి అనే మన తెలుగు మాట అరబ్బీ 'దల్లాల్' నుండి వచ్చినది. దాని ధాతువుకు దారి చూపడమని అర్థం. తెలుగులో ఆ మాట తిట్టుగా మారిపోయినది. దారి తెలియనివాడు దారి చూపినందువల్లనే అట్లా మారిందేమోనని నాకు అనిపిస్తుంది.

మన ప్రాంతపు భూములకు దారి ఎక్కడ ఉన్నది? నిజాం కాలపు కాగితాలలో ఉన్నది. 1880ల నుండి హైదరాబాదు రాజ్యంలో పాలనాభాష ఫారసీ నుండి ఉర్దూకు మారినది. నాటి సర్వే సేత్వారులో సర్వే నంబరు, విస్తీర్ణం, నేల తరగతి, పట్టాదారు పేరు వ్రాసి ఉంటవి. వసూలైన శిస్తు, నిలిచిన బాకీ చూపేది వసూల్ బాకీ. ఏటేటా జరిగిన మార్పులు చూపేది ఫైసల్ పట్టీ. ఆపైన 1954-55 నాటి ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదా ఏది న్యాయస్థానానికి పోయినా వకీళ్లు మొదట వెదికేది దీనినే. చాలా గ్రామాలలో ఇవన్నీ ఉర్దూలోనే ఉన్నవి. అచ్చు పుస్తకాలలోని నస్తాలీఖు కాదు, గుమాస్తాలు వడివడిగా వ్రాసిన షికస్తా. చుక్కలు ఉండవు, అక్షరాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటవి. ఉర్దూ బాగా వచ్చినవారు కూడా మొదట తడబడతారు.

కొన్ని మాటలు తెలిస్తే సగం పని తీరుతుంది. తరీ అంటే మాగాణి, ఖుష్కీ అంటే మెట్ట. పట్టాదారు గడిలో 'ఖారిజ్ ఖాతా' అని ఉంటే ఆ నేల ఎవరి ఖాతాలోనూ లేనిది, సర్కారుది. బంచరాయి అంటే పశువులు మేసే నేల. లావుణి పట్టా అంటే సర్కారు పేదలకిచ్చిన భూమి. అట్టి అసైన్డు భూమి చేతులు మారడాన్ని 1977 చట్టం నిషేధించినది. ఇనాం, మక్తా అని కనబడితే 1955 నాటి ఇనాం రద్దు చట్టం క్రింద అధికార పత్రం వచ్చిందా అని అడగాలి. జాగీరులు 1949 ఆగస్టులో రద్దయినవి, కాబట్టి ఆ తేదీ తరువాత జాగీరుదారు ఇచ్చిన కాగితాన్ని చూసి ఊరక నమ్మరాదు. 1950 నాటి కౌలుదారీ చట్టం క్రింద రక్షిత కౌలుదారు పేరు ఉన్నచో, 38-ఇ విభాగం ప్రకారం అతని వారసులకు హక్కు ఉండవచ్చును. బైనామా అంటే విక్రయపత్రం. సాదా బైనామా అంటే రిజిస్ట్రేషను లేకుండా తెల్లకాగితం మీద వ్రాసుకొన్నది. మన పల్లెలలో అట్టివి పెట్టెలనిండా ఉన్నవి.

తేదీలు కూడా ఫసలీలో ఉంటవి. హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ మాసంతో ప్రారంభమయ్యేది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు 590, ఆ తరువాతి నెలలకు 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. జాగీరుల రద్దు శాసనం 1358 ఫసలీ నాటిది. దానికి 591 కలిపితే 1949. విద్యార్థులు తాతల కాలపు దస్తావేజు ఒకటి తెచ్చుకొని ఈ లెక్క వేసి చూడవచ్చును.

మన నేలకు ప్రత్యేకమైన మరి రెండు జాగ్రత్తలు. మొదటిది భూదాన భూమి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే గారికి వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానమిచ్చిన సంగతి పాఠ్యపుస్తకాలలో చదివినాము. ఆ పోచంపల్లి నేడు హైదరాబాదుకు చేరువైన ప్లాట్ల బజారు. భూదానంగా వచ్చిన భూములకు 1965 నాటి చట్టం వర్తిస్తుంది. భూమిలేని పేదలకు పంచవలసిన ఆ నేల అంగడి సరకు కాదు. రెండవది వక్ఫు భూమి. మసీదుకో, దర్గాకో, ఖబరస్తానుకో అంకితమైన భూమిని అమ్మడం, దానమివ్వడం, తనఖా పెట్టడం 2013 సవరణతో విస్పష్టంగా నిషిద్ధమైనవి. మధ్యవర్తి ముందుగా వక్ఫు గెజిటును, రిజిస్ట్రేషను చట్టం 22-ఏ క్రింది నిషేధిత ఆస్తుల జాబితాను చూడాలి. ఆ జాబితాలో లేకపోవడమే హక్కుకు రుజువు కాదు. జాబితాలు తయారుచేసినవారు కూడా ఆ పాత కాగితాలనే చదివినారు, కొన్నిచోట్ల తప్పుగా చదివినారు.

కంప్యూటరులో అంతా ఉన్నదిగదా అని విద్యార్థులు అడుగుతారు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చినది. ఇ.సి. ఆన్‌లైన్‌లో 1983 నుండి మాత్రమే దొరుకుతుంది. అంతకు పూర్వపు లావాదేవీలకు సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో పుస్తకాలు వెదికించాలి. తెరమీద కనబడేది నేటి పట్టాదారు పేరు. ఆ పేరు అక్కడికి ఎట్లా వచ్చినదో తెర చెప్పదు. సేత్వారు నకలు సర్వే, ల్యాండ్ రికార్డుల కార్యాలయంలోను, పహాణీ నకళ్లు తహసీలు కార్యాలయంలోను దరఖాస్తు చేసి పొందవచ్చును.

ఇదే రంగంలో చదువుకు విలువ ఉన్న దారులు కూడా ఉన్నవని చెప్పాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు సర్వేయర్ల శిక్షణకు దరఖాస్తులు కోరినప్పుడు గణితంతో ఇంటర్మీడియటు, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్, సివిల్ డిప్లొమా వంటి అర్హతలు అడిగినది. మూడేళ్ల న్యాయశాస్త్రం ఇంకొక దారి. ఏజెంటుగా మొదలై సాయంకాలాలు లా చదివి, నేడు టైటిలు పరిశీలన చేస్తున్నవారిని నేనెరుగుదును.

కళాశాల కమిటీ వారికి ఇక్కడ ఒక మనవి. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయినది. షికస్తాను మంచినీళ్లప్రాయంగా చదివిన ఆ తరం వారు ఇప్పుడు మనకు కొద్దిమందే మిగిలినారు. వారి విద్య పుస్తకాలలో లేదు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికారభాషగా చేసినారు, మంచిదే. కాని ఆ భాషకు బేరమాడే చోట, సంతకం పెట్టే చోట ఎంత అవసరమున్నదో మన విద్యార్థులకే తెలియదు. తెలుగు మాధ్యమం వారికి ఉర్దూ రాదు. ఉర్దూ మాధ్యమం వారు నేటి తెలుగు దస్తావేజు చూసి బెదురుతారు. ఈ రెండు విభాగాలూ ఒకే కప్పు క్రింద ఉన్న కళాశాల మనది. ఒక్కొక్క జట్టులో ఇద్దరేసి, అటునుండి ఒకరు, ఇటునుండి ఒకరు కూర్చుంటే, ఒక భూమి చరిత్ర సేత్వారు నుండి భూ భారతి వరకు మొదలంటా చదవవచ్చును.

దీనికి పెద్ద ఖర్చు లేదు. వారానికి ఒక సాయంత్రం, ఇరవై పాఠాలు. ఐదారు గ్రామాల పాత నకళ్ల జిరాక్సులు, రెండు భూతద్దాలు, ఒక నల్లబల్ల. చివరి రెండు పాఠాలకు రెరా దరఖాస్తు నింపడం నేర్పించవచ్చును. పాఠం చెప్పడానికి ఒక పెద్దాయన ఒప్పుకొన్నారు. ఎనభై దాటినవారు, ఒకప్పటి పట్వారీ గారి కుమారులు, తండ్రి ప్రక్కన కూర్చుని బాల్యంలోనే ఆ వ్రాత నేర్చినవారు. జీతమేమీ అడగలేదు. గది మేడమీద కాకుండా క్రిందనే ఉండాలని మాత్రం అడిగినారు.